హంపిలో నీళ్ళ దారి వెంట

విజయనగరం అంటే ఇక్కడ పూసపాటి రాజుల ఊరు కాదు. 1336లో తుంగభద్ర ఒడ్డున మొదలై 1565 దాకా ఒక సామ్రాజ్యానికి రాజధానిగా ఉన్న నగరం. ఇప్పుడు హంపి అంటున్నాం. మన కంభం స్టేషన్ మీదుగా పోయే లైనే గుంతకల్లు, బళ్ళారి దాటి హోస్పేట చేరుతుంది. అక్కడ మా మేనత్త కాపురం ఉంది. దసరా సెలవుల్లో మేము అన్నదమ్ములం ఇద్దరం అత్త ఇంట్లో దిగి, రెండు రోజులు హంపి అంతా కాలినడకన తిరిగాము.

నడవకపోతే హంపి అర్థం కాదు. ఆటోలో పోతే గుడి తరువాత గుడి కనబడుతుంది, అంతే. విరూపాక్షస్వామి గుడి దగ్గర హేమకూటం గుట్ట ఎక్కి దిగితే కృష్ణాలయం వస్తుంది. కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గం గెలిచి, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని తెచ్చి ఇందులో పెట్టాడు. ఉదయగిరి మనకు పొరుగే కదా! అక్కడి నుంచి దారి పొడవునా అరటి తోటలు. వాటికి నీళ్ళిచ్చేది రాయల కాలపు తుర్తు కాలువ. మేడలు కూలిపోయినా కాలువ పారుతూనే ఉంది.

రాజుగారి ఆవరణలో మహర్నవమి దిబ్బకు దగ్గరలో నల్లరాతి మెట్ల కోనేరు ఉంది. 1980ల తవ్వకాల్లో బయటపడింది. ఏ రాయి ఏ వైపు, ఏ వరుసలో పేర్చాలో రాళ్ళ మీదే గుర్తులు చెక్కారు. రాతి స్తంభాల మీద నిలిపిన తొట్టికాలువలో వాలును బట్టి నీళ్ళు నడిచి వచ్చేవి. మోటారు లేదు, కరెంటు లేదు. వేసవిలో బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళ పిల్లలం కనుక అక్కడే చాలాసేపు నిలబడిపోయాము. లోటస్ మహల్, ఏనుగుల శాలలు కూడా చూశాము. వాటి బొమ్మలు మీరు పుస్తకాల్లో చూసే ఉంటారు.

1520 ప్రాంతంలో ఈ నగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలు రెండు కొండల నడుమ కట్టిస్తున్న చెరువు గురించి రాశాడు. పదిహేను ఇరవై వేల మంది చీమల్లా పనిచేస్తున్నారట. కట్ట పదే పదే తెగితే, బ్రాహ్మణుల మాట విని అరవై మంది ఖైదీల తలలు నరికించారని కూడా రాశాడు. గైడు ఈ సంగతి చెప్పలేదు.

మన కంభం చెరువూ ఆ కాలపు పనితనమే. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ 57 అడుగుల ఎత్తు కట్ట. రాయల దేవేరి వరదరాజమ్మ కట్టించిందని మన పెద్దలు చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అదే ఏడు గుర్తింపు పొందిన పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని అందులో చెక్కారు. పేర్లు లేకపోయినా లెక్క అయినా మిగిలింది.

హంపి వెళ్ళదలచినవారు పొద్దున్నే నడక మొదలుపెట్టండి. పదింటికల్లా బండలు కాలిపోతాయి. తాగే నీళ్ళు వెంట తీసుకుపోండి.