పొలిమేర పొలానికి ఏ కరణం?

మొన్న ఉగాదికి మన సంఘం వాళ్ళం కలుసుకున్నప్పుడు, పులిహోర అయిపోయి కాఫీల దగ్గరికి వచ్చాక, ఒకాయన ఒక ప్రశ్న వేశారు. వచ్చే ఏడు రిటైరై, దంపతులిద్దరూ హైదరాబాదు వెళ్ళి స్థిరపడదామని వారి ఆలోచన. "ముప్ఫయ్యేళ్ళుగా నా టాక్సులు చేస్తున్న అమెరికన్ అకౌంటెంటు ఉన్నాడు. ఒక్క పొరపాటు చెయ్యలేదు. ఇండియా వెళ్ళాక అక్కడి పన్నుల సంగతి కూడా ఆయన్నే అడుగుతాను. ఊరూ పేరూ తెలియని ఆడిటరుని నమ్మడం కంటే అదే నయం కదా?" అన్నారు.

అంతే, బల్ల రెండు పార్టీలైంది. "ఇక్కడివాడు రూలు చూసి చెప్తాడు, అక్కడివాడు మనిషిని చూసి చెప్తాడు" అని ఒక పక్షం. "ఇండియా రూలు ఇక్కడివాడికెలా తెలుస్తుందండీ?" అని ఇంకో పక్షం. నన్నడిగితే "ఇద్దర్నీ నమ్మాలి, ఇద్దర్నీ నమ్మకూడదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి జవాబే ఈ వ్యాసం. నేను అకౌంటెంటుని కాను, వంతెనలు కట్టుకుని బతికిన ఇంజనీరుని. అయితే ఈ విషయంలో నేను జరిమానా కట్టినవాణ్ణి. ఆ పాటి అర్హత చాలనుకుంటాను.

మా చిన్నప్పుడు ఊళ్ళో కరణంగారు ఉండేవారు. 1984 లో ఆ పదవులు రద్దు చేశారు కాని, అంతవరకూ ఊళ్ళో ఏ చెక్క ఎవరిది, ఏ పొలానికి శిస్తెంత అన్నది ఆయన నోటి చివర ఉండేది. అలాంటి కరణంగారిని పక్క ఊరి పొలం గురించి అడిగితే, "అది నా లెక్కలో లేదోయ్" అనేవారు. తగాదా వచ్చేదల్లా పొలిమేర మీది పొలంతోనే. అరక ఒక ఊళ్ళో, గట్టు ఇంకో ఊళ్ళో. రిటైరై ఇంటికి వెళ్ళే మన డబ్బు అచ్చంగా పొలిమేర పొలమే.

ముందు నా సంగతి చెప్తాను. అమ్మ గుంటూరులో ఒంటరిగా ఉండేది. ఆవిడ వైద్యానికి అక్కరకొస్తుందని అక్కడ ఒక బేంకులో ఎన్.ఆర్.ఈ. డిపాజిట్టు వేశాను. "వడ్డీ మీద పన్ను లేదండీ" అన్నారు మేనేజరుగారు. ఆయన అబద్ధమాడలేదు. ప్రవాసులకి ఆ వడ్డీ మీద ఇండియాలో ఆదాయపు పన్ను లేదు. నేను ఆ మాటని "ఎక్కడా పన్ను లేదు" అని వినుకున్నాను. అమెరికాలో ఉంటున్నవాడికి, అమెరికా పౌరుడికి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది. ఎన్.ఆర్.ఈ. వడ్డీ కూడా వస్తుంది. అదీ కాక, విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఎఫ్‌బార్ అనే రిపోర్టు విడిగా దాఖలు చెయ్యాలి. ఇక్కడ నా టాక్సులు చేసే ఆయన ఇండియా ఖాతాల గురించి ఎన్నడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

తప్పు తెలిసేసరికి తొమ్మిదేళ్ళు గడిచాయి. తెలియక చేసినవాళ్ళ కోసం ఐ.ఆర్.ఎస్. పెట్టిన దారి ఒకటుంది. మూడేళ్ళ రిటర్నులు సవరించి, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు దాఖలు చేసి, అమెరికాలో నివసించేవాళ్ళయితే ఖాతాల్లో అత్యధికంగా ఉన్న మొత్తం మీద 5 శాతం జరిమానా కట్టాలి. కట్టాను. డబ్బు పోతే పోయింది. "నా మూలాన నీకు దండగ పడిందిరా" అని అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. ఆ మాటకి మాత్రం ఖరీదు కట్టలేను.

దీనికి తిరగేసిన కథ మా మిత్రులొకరిది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు, విజయవాడ తిరిగి వెళ్ళారు. వెళ్ళేముందు తమ అమెరికన్ అకౌంటెంటుని, "రాత్ ఖాతా సంగతేమిటి?" అని అడిగారు. "అది టాక్స్ ఫ్రీ. కదపకండి, పెరగనివ్వండి" అన్నాడు. అమెరికా వరకూ అది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఇండియాకి తిరిగి వెళ్ళినవాళ్ళకి మొదట రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు, "రెసిడెంటే గాని ఆర్డినరీ రెసిడెంటు కాదు" అనే హోదా ఉంటుంది. ఆ రోజుల్లో విదేశంలో వచ్చే పెన్షను, వడ్డీ, డివిడెండు వంటి వాటి మీద ఇండియా పన్ను వెయ్యదు. ఆ గడువు దాటితే అక్కడ కూడా ప్రపంచ ఆదాయమంతా లెక్కే. విదేశీ ఆస్తులన్నీ రిటర్నులో చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాక మిగతావి మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేదని 2024 లో సడలించారు. మనవాళ్ళ రిటైర్‌మెంటు ఖాతాలకి ఆ 20 లక్షలు ఏ మూలకి?

మా డాక్టరుగారు నాలుగో ఏట ఒక ఆడిటరు దగ్గరికి వెళ్ళారు. ఇండియా చట్టంలో రాత్ అన్న మాటే లేదని అప్పుడు తెలిసింది. అమెరికా, కెనడా, బ్రిటన్ రిటైర్‌మెంటు ఖాతాల కోసం 2021 లో 89ఎ అనే సెక్షను చేర్చారు. డబ్బు తీసినప్పుడే పన్ను కట్టే వీలు అందులో ఉంది. కాని అది ఆ దేశంలో తీసేటప్పుడు పన్ను పడే ఖాతాలకి రాసినది. రాత్ తీసేటప్పుడు అమెరికాలో పన్ను పడదు కనుక, రాసిన అక్షరాన్ని బట్టి చూస్తే అది ఆ గొడుగు కిందికి రాదు. మొదటి ఏళ్ళలోనే ఆ డబ్బు తీసి ఉంటే రెండు దేశాల్లోనూ ఏ పన్నూ లేకపోయేది. ఇంకొకటి. వారు సెప్టెంబరు మధ్యలో దిగారు. మార్చి 31 కి ఇండియా ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా 182 రోజులు దాటాయి. అక్టోబరు మధ్య దాకా ఆగి ఉంటే, అంతకుముందు ఇండియాలో ఎక్కువ రోజులు ఉన్నవారు కారు కనుక, ఆ ఏడు ప్రవాసులుగానే ఉండి, ఒక సంవత్సరం కలిసొచ్చేది. జనవరి నుంచి డిసెంబరు లెక్క చూసే ఆయనకి ఈ నెల తేడా తట్టలేదు. తట్టాలని మనం ఆశించకూడదు కూడా.

అమెరికా అకౌంటెంటు అమెరికా సంగతి తప్పు చెప్పలేదు. ఇండియా మేనేజరు ఇండియా సంగతి తప్పు చెప్పలేదు. ఎవరి ఊరి లెక్క వాళ్ళు సరిగ్గానే చెప్పారు. మునిగింది పొలిమేరలో. అలాంటివి మరి మూడు చెప్తాను.

అక్కడ, "మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985 లోనే తీసేశారు, బెంగ లేదు" అంటారు. నిజమే. గ్రీన్ కార్డు ఇచ్చేసి ఇండియాలో స్థిరపడినవారు పోతే, అమెరికా కంపెనీల షేర్ల వంటివి 60,000 డాలర్లు దాటి ఉంటే అమెరికా ఎస్టేట్ టాక్సు వేస్తుంది. ఈ పన్ను విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందమేమీ లేదు.

అక్కడ, "ఇండియా మ్యూచువల్ ఫండ్లు కొనండి" అంటారు. అమెరికా పౌరుడికి అవి విదేశీ పెట్టుబడి కంపెనీలు. ఒక్కో ఫండుకి 8621 అనే ఫారం, మామూలు కంటే బరువైన పన్ను, దాని మీద వడ్డీ. ఈ సలహా ఇచ్చినవారికి కమీషను ముడుతుంది. అమ్మేవాడు సలహాదారు కాడు.

ఒక ఆడిటరు మరొక మిత్రుడి సోషల్ సెక్యూరిటీని ఇండియా ఆదాయంలో కలిపి పన్ను కట్టించాడు. 1989 లో సంతకమైన ఇండియా, అమెరికా పన్నుల ఒప్పందం 20 వ ఆర్టికిల్ ప్రకారం ఆ డబ్బు మీద పన్ను వేసే హక్కు అమెరికాది మాత్రమే. ఒప్పందం తీసి చదివితే తేలే సంగతి.

జరిమానాలు ఎంత దూరం పోతాయో తెలియాలంటే ఒక సుప్రీంకోర్టు కేసు ఉంది. రుమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, తిరిగి స్వదేశం వెళ్ళి వ్యాపారం చేసుకున్న అలెగ్జాండ్రు బిట్నర్ అనే ఆయన, ఎఫ్‌బార్ దాఖలు చెయ్యాలని తెలియక ఐదేళ్ళ రిపోర్టులు సకాలంలో ఇవ్వలేదు. ఖాతాకి పదివేల చొప్పున 27 లక్షల 20 వేల డాలర్లు కట్టమంది ప్రభుత్వం. ఖాతాకి కాదు, ఏడాది రిపోర్టుకి పదివేలని 2023 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పింది. 50,000 తో బయటపడ్డారు. ఆ తీర్పు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చిందని మరవకండి.

అంచేత వెళ్ళేవారికి నా మనవి ఇది. విమానం టిక్కెట్టు కొనకముందే ఇద్దర్ని పెట్టుకోండి, ఇక్కడొకరు, అక్కడొకరు. ఒకరి గురించి రెండోవారికి చెప్పండి. ఇక్కడి రిటర్ను అక్కడా, అక్కడిది ఇక్కడా చూపండి. ఎవరినైనా తమ దేశం చట్టం మాత్రమే అడగండి. "ఏ సెక్షను కింద?" అని అడిగి జవాబు కాగితం మీద పుచ్చుకోండి. ఇండియాలో 1961 నాటి చట్టం స్థానంలో 2025 లో కొత్తది చేశారు, అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. కాబట్టి పాత కాగితం చూసి చెప్పేవారితో జాగ్రత్త. ఎన్.ఆర్.ఈ. ఖాతా కూడా శాశ్వతంగా తిరిగి వెళ్ళాక అలాగే ఉంచకూడదు. రెసిడెంటు ఖాతాగా మార్పించుకోవాలి. గ్రీన్ కార్డు గడువు తీరినంత మాత్రాన అమెరికా పన్ను తీరిపోదు. దాన్ని కాగితాల ప్రకారం వదులుకోవాలి.

ఇక మంచి సలహాదారుని ఎలా పోల్చుకోవడం? నా గుర్తు ఒక్కటే. పక్క దేశం సంగతి అడిగినప్పుడు "అది నా లెక్కలో లేదండీ" అన్నవాణ్ణి పట్టుకుని వదలకండి. ఫీజు కాస్త ఎక్కువైనా సరే. అన్నీ తెలుసన్నవాడికి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. ఎవరు తయారు చేసినా, రిటర్ను కింద సంతకం మనది. సలహా ఇచ్చినవారు మన జరిమానా కట్టరు.

ఉగాదినాడు ప్రశ్న వేసిన పెద్దమనిషి పోయిన వారం ఫోను చేశారు. తన అకౌంటెంటుని రాత్ సంగతి ఇండియాలో ఎలా ఉంటుందని అడిగితే, "నాకు ఇండియా చట్టం తెలియదు, అక్కడివాళ్ళని అడగండి" అన్నాడట. "ముప్ఫయ్యేళ్ళలో ఆయన తెలియదన్నది ఇదే మొదటిసారి" అన్నారు కాస్త దిగులుగా. "అయితే మీకు దొరికినవాడు మంచివాడే, అక్కడ కూడా ఇలాంటి వాణ్ణే వెతకండి" అన్నాను. ప్రయాణం సెప్టెంబరు నుంచి అక్టోబరు చివరికి మార్చుకున్నారు.

ఇలాంటి అనుభవాలు మీకున్నా సంపాదకులకి రాసి పంపండి. మనలో ఒకరు కట్టిన జరిమానా ఇంకొకరికి పాఠమైతే, ఆ డబ్బు పూర్తిగా దండగ కానట్టే.