మాకీ శంకువు, మన చుట్టిల్లు

అమరావతిలో లేవని శాసనసభ ఆ జపాన్ వాస్తుశిల్పి పద్ధతికి తగిందేనా?

పొగగొట్టాలు అన్నారు జనం. 2016లో అమరావతి శాసనసభకూ హైకోర్టుకూ ఫుమిహికో మాకీ గీసిన శంకువు ఆకారపు కట్టడాల బొమ్మలు బయటికి రాగానే వచ్చిన మాట అది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు రోజూ కళ్ళబడే బెజవాడ వాళ్ళకి పోలిక వెతుక్కునే పనే లేకపోయింది. రిచర్డ్ రోజర్స్‌నీ, మన బాలకృష్ణ దోషినీ దాటి పోటీలో నెగ్గిన డిజైను అది. ఆ ఏడాది చివరికల్లా మాకీని తప్పించారు. వ్యవహారం పద్ధతిగా జరగలేదని ఆయన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కి లేఖ రాశారు. తరవాత లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ, సలహాకి సినిమా దర్శకుడు రాజమౌళి రంగంలోకి దిగారు.

ఎగతాళి సద్దుమణిగింది కానీ ప్రశ్న మిగిలింది. ఆ శంకువు నిజంగా మాకీ పద్ధతేనా, సర్కారు అడిగింది కదా అని గీసిచ్చిందా?

కాదనేవాళ్ళ దగ్గర బలమైన సాక్ష్యమే ఉంది. మాకీ కట్టడాలు గొంతు పెంచవు. 1993లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మనిషి, న్యూయార్క్‌లో నాలుగో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టినప్పుడు కూడా చుట్టూ ఉన్న నగరానికి తలవంచే కట్టాడు. పట్నాలోని బిహార్ మ్యూజియం ఒక్క పెద్ద దిమ్మ కాదు, ఆవరణల మధ్య పరుచుకున్న చిన్న భవనాల గుంపు. అలాంటివాడు ఆకాశంలోకి వేలెత్తి చూపే శిఖరం ఎందుకు గీస్తాడు?

అవుననేవాళ్ళు చండీగఢ్ వైపు చూపిస్తారు. అక్కడి అసెంబ్లీ నెత్తిన లె కార్బూజియే పెట్టిన గోపురానికి ప్రేరణ కూలింగ్ టవరే! మనం వెక్కిరింతగా అన్నమాటను ఆయన గర్వంగా కట్టాడు. కుర్రతనంలో మాకీ చండీగఢ్ వెళ్ళి కార్బూజియేని కలిశాడు కూడా. అదే నగరంలో కార్బూజియే గీసిన గవర్నర్ నివాసం ప్రజాస్వామ్యానికి నప్పదని నెహ్రూ ఆపించారు. రాజధానుల్లో ఇల్లు నిలవడం, ఆగడం కట్టేవాడి చేతిలో ఉండదు.

నా లెక్కలో రెండు పక్షాలూ చూడవలసిన చోట చూడలేదు. మాకీ అసలు సిద్ధాంతం 1964లో అచ్చయిన చిన్న పుస్తకంలో ఉంది. భవనం ఆకారం కన్నా భవనాల మధ్య చోటు ముఖ్యమన్నాడాయన. పల్లెల్ని చూసి నేర్చుకున్నాడు: ఒకే తీరు ఇళ్ళు, ఒకటి చేర్చినా ఒకటి తీసేసినా ఊరు చెడదు.

ఈ మాట అర్థం కావడానికి మనం జపాన్ పోనక్కర్లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టిళ్ళు మిగిలిన చోటికి వెళ్తే చాలు. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు శంకువు, మోకాలెత్తుకి దిగిన చూరు. వంగితేగానీ లోపలికి పోలేం. లోపల నిలబడ్డాక మాత్రం తలెత్తితే చీకట్లోకి సన్నబడుతూ పోయే వాసాలు. తుపాను గాలికి పట్టు దొరకదు, చుట్టు తిరిగి పోతుంది. విడిగా చూస్తే ప్రతిదీ శిఖరమే. పదిళ్ళు పక్కపక్కన చేరితే శిఖరం కనబడదు, వాటి మధ్య ముంగిలి కనబడుతుంది. పిల్లలు ఆడేది, వడ్లు ఎండేది, తగవులు తీరేది అక్కడ. మాకీ కోరుకున్నది ఆ ముంగిలి.

కాబట్టి శంకువు ఆకారం మాకీకి అనుకూలంగానూ, వ్యతిరేకంగానూ సాక్ష్యం చెప్పదు. దాని చుట్టూ ఉన్న ఖాళీ చెప్పాలి. ఆ ఖాళీని ఎవరూ తిరిగి చూసే వీలు లేకుండా పోయింది. టోక్యోలో హిల్‌సైడ్ టెర్రస్ అనే భవన సముదాయాన్ని ఆయన దఫదఫాలుగా పాతికేళ్ళపాటు కట్టుకుంటూ వచ్చాడు, ఒక దఫాలో తెలిసింది తరవాతి దఫాలో దిద్దుకుంటూ. కాలం కూడా ఆయన సామగ్రిలో ఒకటి. అది దక్కని డిజైను సగం మాకీదే అవుతుంది. ఆ సగం కూడా నిండు మాకీ కాదనే నా తీర్పు. రాజధానికి గుర్తు కావాలన్న తొందర దాన్లో కనిపిస్తుంది.

మాకీ 2024 జూన్ 6న, తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశారు. అంతకు రెండు రోజుల ముందే ఇక్కడ ఎన్నికల ఫలితాలొచ్చి అమరావతికి మళ్ళీ ఊపిరొచ్చింది. ఇప్పుడు లేస్తున్నది ఫోస్టర్ నమూనా. అది లేవనివ్వండి. కానీ మాకీ, రోజర్స్, దోషి పోటీకి పంపిన డ్రాయింగులను రాజధానిలో ఒక గదిలో గోడకు తగిలించి, జనానికి తెరిచి పెట్టాలి. ఆ పోటీ జరిగింది ప్రజల పేరిటే కదా.