బోరు నీటికి ఊరి పద్దు

గాదెలో ధాన్యమెంత ఉన్నదో మీకు తెలియును. మీ బోరులో నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో చెప్పగలరా? మోటారు గాలి కక్కిననాడు గాని ఆ సంగతి మనకు తెలియుట లేదు.

ఒక్కరు పొదుపు చేసిన లాభము లేదు. నేలక్రింది నీటికి గట్టులుండవు. మీరు మిగిల్చినది పొరుగు బోరు లాగును. కనుక లెక్క ఊరంతటిదీ కావలెను.

2003లో నాటి రాయలసీమ నాలుగు జిల్లాలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో రైతులే ఇట్టి లెక్క చేపట్టిరి. 600కు పైగా గ్రామాలు ఇందులో చేరినవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సహాయమిచ్చినది. స్త్రీలు, పురుషులు కూడ వానను కొలిచిరి. పదిహేను రోజులకొకసారి బావులలో నీటిమట్టము చూచి, ఆ అంకెలు ఊరందరికీ కనబడునట్లు వ్రాసిరి. రబీకి ముందు కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు పట్టునదెంత అని తేల్చిరి. వరి మానుమని ఎవరినీ నిర్బంధించలేదు. అంకెలు చూచి పలువురు తామే పైరు మార్చుకొనిరి.

ఇప్పుడు ఎండలు ముదురుచున్నవి. వాన పడు దినములు తగ్గి, పడినప్పుడు కుండపోతగా పడుచున్నది. అట్టి వాన పారిపోవునే గాని నేలలోనికి అంతగా ఇంకదు.

ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరనగా సుమారు 4,000 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్ల వరకు పట్టును; వేరుసెనగకు అందులో సగము చాలును. ఈ గుణకారము బడిపిల్లలచే చేయించవచ్చును. మట్టమును మాత్రము ఎల్లప్పుడు ఒకే బావిలో, మోటారు నడువని వేళ, ఉదయమే కొలువుడు. అంకెపై తగవు రాకుండ ఇద్దరు కలిసి వెళ్లుడు.