సరిహద్దులు దాటిన శ్రామిక సంఘీభావం

ఒక నౌకకు యజమాని ఒక దేశస్థుడు. దానిపై ఎగిరే పతాకం మరొక దేశానిది. అందులో పనిచేసే నావికులు వేరొక దేశంవారు. నెలల తరబడి జీతాలు అందకపోతే ఆ నావికులు ఎవరికి మొరపెట్టుకోవాలి? ఒక దేశానికే పరిమితమైన కార్మిక సంఘం ఈ సమస్యను ఒంటరిగా పరిష్కరించజాలదు. పెట్టుబడి ఎల్లలు దాటినప్పుడు శ్రామికుల ఐక్యత కూడా ఎల్లలు దాటవలసి ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సమాఖ్యల ఆవిర్భావానికి ఈ అవసరమే మూలం.

ఈ సమాఖ్యలలో కార్మికుడు నేరుగా సభ్యుడు కాడు. అతడు తన దేశంలోని సంఘంలో చేరతాడు. ఆ సంఘం సమాఖ్యలో చేరుతుంది. సభ్య సంఘాలు చెల్లించే చందాలే సమాఖ్యకు ముఖ్యమైన ఆధారం. సంఘాల ప్రతినిధులు మహాసభలో సమావేశమై విధానాలను నిర్ణయించి, కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు.

సమాఖ్యలు ప్రధానంగా రెండు విధాలు. వివిధ దేశాల కేంద్ర కార్మిక సంఘాల కూటములు మొదటి విధం. 1945లో పారిస్‌లో ఏర్పడిన ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య, 2006లో వియన్నాలో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంఘాల సమాఖ్య ఇటువంటివి. ఒకే రంగానికి చెందిన సంఘాల కూటములు రెండవ విధం. 1896లో లండన్‌లో నావికుల, రేవు కార్మికుల నాయకులు స్థాపించిన అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఇందుకు చక్కని ఉదాహరణ.

పన్నులను, కఠినమైన కార్మిక చట్టాలను తప్పించుకొనడానికి కొందరు యజమానులు తమ నౌకలను పనామా, లైబీరియా వంటి పరాయి దేశాలలో నమోదు చేయిస్తారు. ఈ పద్ధతికి వ్యతిరేకంగా రవాణా కార్మికుల సమాఖ్య 1948లో ఉద్యమం ప్రారంభించింది. సమాఖ్య తనిఖీదారులు అనేక దేశాల ఓడరేవులలో నౌకలను సందర్శించి, జీతాల లెక్కలను పరిశీలించి, బకాయిలను ఇప్పించడానికి కృషి చేస్తారు. నావికుల పోరాటానికి రేవు కార్మికులు అండగా నిలుస్తారు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడిక రూపకల్పనలో ఈ సమాఖ్య నావికుల పక్షాన పాల్గొంది. ఆ ఒడంబడిక 2013లో అమలులోకి వచ్చింది. భారతదేశం 2015లో దానిని ధ్రువీకరించింది. యజమాని నావికులను నడిసముద్రంలోనో, పరాయి రేవులోనో విడిచిపెడితే నాలుగు నెలల వరకు జీతపు బకాయిలకు, స్వదేశ ప్రయాణ వ్యయానికి ఆర్థిక హామీ ఉండాలనే నిబంధన 2017 నుండి అమలవుతున్నది.

సమాఖ్యకు చట్టం చేసే అధికారం గాని, శిక్షించే అధికారం గాని లేదు. సభ్యుల సంఘీభావమే దాని బలం. తెలియని రేవులో దిక్కుతోచక నిలిచిన నావికుని కోసం, అతని భాష కూడా తెలియని మరొక కార్మికుడు ముందుకు రావడంలోనే ఆ బలం వ్యక్తమవుతుంది.