బెర్లిన్‌లో క్రిస్మస్ సంతలు... వెలుగుల వెనుక పహారా

డిసెంబరులో జర్మనీ రాజధాని బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఆ వేళకు నగర కూడళ్లు, చర్చి ముంగిళ్లు, పాత రాజప్రాసాదాల ఆవరణలు దీపతోరణాలతో వెలిగిపోతాయి. చెక్కతో కట్టిన చిన్న దుకాణాలు బారులు తీరుతాయి. ఇవే క్రిస్మస్ సంతలు. మన తిరునాళ్లలో కనిపించే సందడే అక్కడా కనిపిస్తుంది. చిన్నవీ పెద్దవీ కలిపి నగరంలో ఏటా 80కి పైగా సంతలు జరుగుతాయి. ఎవరైనా, ఎటు నుంచైనా నడిచి రాగలగడమే వీటి ప్రత్యేకత. ఆ స్వేచ్ఛను కాపాడుకోవడమే నేడు నిర్వాహకులకు పెద్ద సమస్యగా మారింది. 2023-24లో జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 49 వేలు దాటింది. వారిలో తెలుగు యువతీ యువకులూ ఉన్నందున ఈ సంతల తీరుతెన్నులు ఇక్కడి కుటుంబాలకూ ఆసక్తి కలిగించేవే.

శతాబ్దాల ఆనవాయితీ

జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాల్లో శీతకాలపు సంతలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. వియన్నాలో 1296లోనే డిసెంబరు సంతకు అనుమతి లభించింది. డ్రెస్డెన్‌లో 1434లో క్రిస్మస్ ముందు రోజు ఒక్కరోజు సంతకు పాలకుడు అనుమతించాడు. అదే నేటికీ స్ట్రీజెల్‌మార్క్ట్ పేరుతో కొనసాగుతోంది. తొలినాళ్లలో ప్రజలు పండుగకు కావలసిన మాంసం, చలికాలానికి అవసరమైన సరుకులు కొనేందుకు వచ్చేవారు. క్రమంగా బొమ్మలు, మిఠాయిలు, చేతివృత్తుల వస్తువులు చేరాయి.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని క్రైస్తవులు ఆగమన కాలంగా పాటిస్తారు. దానికి ముందు ఆదివారం జర్మనీలో ప్రొటెస్టంట్లు మృతులను స్మరించుకుంటారు. ఆ రోజు గడిచాక, సోమవారం నుంచి సంతలు తెరవడం ఎక్కువ చోట్ల ఆచారం. చాలా సంతలు డిసెంబరు 24 నాటికి ముగుస్తాయి. కొన్ని మాత్రం కొత్త సంవత్సరం వరకు సాగుతాయి.

ఒక్కో సంతది ఒక్కో తీరు

ఎర్ర ఇటుకల నగర పురపాలక భవనం ఎదుట జరిగే సంతలో 50 మీటర్ల ఎత్తయిన రంగులరాట్నం, నెప్ట్యూన్ ఫౌంటెన్ చుట్టూ మంచుపై జారే వలయం పిల్లలను ఆకట్టుకుంటాయి. ఒకప్పటి బీరు కర్మాగారమైన కుల్టూర్‌బ్రాయరై ప్రాంగణంలో స్వీడన్, ఫిన్లాండ్ తదితర ఉత్తరాది దేశాల వంటకాలు, వస్తువులు దొరుకుతాయి. నగరం పశ్చిమ అంచున ఉన్న స్పాండౌ పాతబస్తీ సంత పెద్ద సంతల్లో ఒకటి.

వ్యాపార హంగు తక్కువగా ఉండే సంత చూడదలచినవారు రిక్స్‌డార్ఫ్‌కు వెళ్తారు. ఆగమన కాలపు రెండో వారాంతంలో మాత్రమే అది జరుగుతుంది. కిరోసిన్ దీపాల వెలుగులో స్వచ్ఛంద సంస్థలు, స్థానిక సంఘాలు దుకాణాలు నడుపుతాయి. వచ్చిన ఆదాయంలో అధిక భాగం సేవా కార్యక్రమాలకు వెళ్తుంది.

కప్పుకు డిపాజిట్

సంతకు వచ్చేవారు ఎక్కువగా అడిగేది గ్లూవైన్. ఎర్ర ద్రాక్షసారాలో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క వేసి మరగనివ్వకుండా వేడిచేసే పానీయమిది. మద్యం ముట్టనివారికి, పిల్లలకు పళ్లరసంతో అదే తీరులో చేసిన పానీయం విడిగా లభిస్తుంది. పింగాణీ కప్పుకు ధరతో పాటు కొన్ని యూరోల డిపాజిట్ వసూలు చేస్తారు. కప్పు తిరిగి ఇస్తే సొమ్ము వాపసు చేస్తారు. ఏటా కప్పుల బొమ్మలు మార్చే సంతల్లో కొందరు డిపాజిట్ వదులుకుని వాటిని జ్ఞాపికగా తీసుకెళ్తారు. పంచదార పాకంలో వేయించిన బాదం, మసాలా దినుసులు కలిపిన తేనె రొట్టెలు, ఆపిల్ గుజ్జుతో తినే బంగాళాదుంప అట్లు శాకాహారులకు అనుకూలం.

రెండు విషాదాలు

బెర్లిన్‌లో ఎక్కువ మంది సందర్శించే సంతల్లో బ్రైట్‌షైడ్‌ప్లాట్జ్ సంత ఒకటి. 1943 నవంబరులో బాంబుదాడిలో శిథిలమైన కైజర్ విల్‌హెల్మ్ స్మారక చర్చి చుట్టూ అది జరుగుతుంది. 2016 డిసెంబరు 19న ఒక ఉగ్రవాది అపహరించిన లారీని ఈ సంతలోకి తోలాడు. అంతకుముందే హత్యకు గురైన లారీ డ్రైవరుతో కలిపి 12 మంది మరణించారు. ఆ రాత్రి క్షతగాత్రులకు సాయపడి తీవ్రంగా గాయపడిన మరో వ్యక్తి 2021లో కన్నుమూశారు. మూడు రోజులకే సంతను తిరిగి తెరిచారు. చర్చి మెట్లపై మృతుల పేర్లు చెక్కి, నేలపై బంగారు వర్ణపు చీలికను స్మారకంగా తీర్చిదిద్దారు. ఏటా అదే తేదీన, దాడి జరిగిన రాత్రి 8.02 గంటలకు చర్చిగంటలు మోగిస్తారు.

2024 డిసెంబరు 20న మాగ్డెబుర్గ్ నగర సంతలోకి ఒక కారు దూసుకెళ్లింది. ఆరుగురు ప్రాణాలు కోల్పోగా 300 మందికి పైగా గాయపడ్డారు. గాయపడినవారిలో ఏడుగురు భారతీయులున్నట్టు మన విదేశాంగ శాఖ వెల్లడించింది. అక్కడ అడ్డుగోడలు లేకపోలేదు. అయితే అంబులెన్సుల రాకపోకలకు వదిలిన దారి గుండానే కారు లోపలికి వచ్చింది.

భారం ఎవరిది?

భద్రతలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. దారులన్నీ మూసివేస్తే అగ్నిమాపక శకటాలు, అంబులెన్సులు రాలేవు. తెరిచి ఉంచితే ఇతర వాహనాలకూ దారి దొరుకుతుంది. బ్రైట్‌షైడ్‌ప్లాట్జ్ చుట్టూ 2018లో ఇసుక నింపిన ఉక్కు జాలీ బుట్టలు, స్తంభాలు ఏర్పాటు చేశారు. మాగ్డెబుర్గ్ ఘటన తర్వాత అవసరమైనప్పుడు తెరిచి మూసే అడ్డుకట్టలకు, వాటి వద్ద కాపలాకు ప్రాధాన్యం పెరిగింది. ఈ ఖర్చు ప్రభుత్వమే భరించాలని నిర్వాహకులు కోరుతున్నారు. వ్యయభారం మోయలేక 2025లో జర్మనీలోని కొన్ని చిన్న పట్టణాలు సంతలను రద్దు చేసుకున్నాయి. పెద్ద నగరాలు నెట్టుకురాగలుగుతున్నా, ఊరంతా కలిసే చిన్న సంతలకే ముప్పు ఎక్కువగా ఉంది.

వెళ్లేవారు గమనించాల్సినవి

* వారం మధ్యలో మధ్యాహ్నం వేళ రద్దీ తక్కువ. వారాంతపు సాయంత్రాలు కిక్కిరిసి ఉంటాయి.
* 2024 అక్టోబరులో సవరించిన చట్టం ప్రకారం బహిరంగ ఉత్సవాలకు కత్తులు తీసుకెళ్లరాదు. పండ్లు కోసే చిన్న చాకు కూడా సంచిలో ఉండకపోవడం మేలు.
* చిన్న దుకాణాల్లో కార్డులు చెల్లకపోవచ్చు. కొంత నగదు, చిల్లర దగ్గర ఉంచుకోవాలి. కొన్ని సంతల్లో ప్రవేశ రుసుము ఉంటుంది.
* మెట్రో రైలు యంత్రం వద్ద కొన్న కాగితపు టికెట్‌పై ప్రయాణానికి ముందే ముద్ర వేయించుకోవాలి. లేకుంటే 60 యూరోల జరిమానా తప్పదు.
* లోపలికి వెళ్లగానే బయటికి దారులు ఎటున్నాయో చూసుకోవాలి. అంబులెన్సుల కోసం వదిలిన దారిలో నిలబడరాదు.
* ఆపదలో అంబులెన్సు, అగ్నిమాపక దళం కోసం 112కు, పోలీసుల కోసం 110కు ఫోన్ చేయాలి.