చేపకు ఊపిరాడని వేళ.. ఇంజినీరుకు పని!

మే నెలలో తెల్లారి ఐదింటికి కుకునూరుపల్లి చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదికైనా వెళ్లి చూడండి. చేపలు గుంపుగా పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలనుకోకండి. నీళ్లలో ఆక్సిజన్ అయిపోతోందన్నమాట. ఆ ఒక్క పొద్దుతో మత్స్య సహకార సంఘం ఏడాది కష్టం పోవచ్చు.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 10 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. చేప ఒంటికి అవసరం మాత్రం వేడితో పెరుగుతుంది. పైగా పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని వాడేసుకుంటుంది. అందుకే మధ్యాహ్నం రెండింటి రీడింగ్ చూసి ‘అంతా ఓకే’ అనేస్తే దెబ్బతింటాం. మరి పక్కనే ఉన్న 50 టీఎంసీల మల్లన్నసాగర్ లాంటి లోతైన జలాశయంలో? అడుగున చల్లగానే ఉంటుంది. కానీ గాలి తగలని ఆ నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తక్కువుండొచ్చు.

హిమాచల్, కశ్మీర్ చల్లటి నదుల్లో ఉండే ట్రౌట్‌కు 20 డిగ్రీలు దాటితేనే కష్టం మొదలవుతుంది. అందుకే గాలం వేసేవాళ్లలో పద్ధతి తెలిసినవాళ్లు వేసవిలో థర్మామీటర్ వెంట తీసుకెళ్తారు. నీళ్లు ఆ గీత దాటితే గాలం చుట్టేస్తారు, ఎందుకంటే అలసిన చేపను వదిలేసినా బతక్కపోవచ్చు. మన రోహు, బొచ్చె 30 డిగ్రీల దగ్గర కూడా హాయిగా తిరుగుతాయి. మన రాష్ట్ర చేప కొర్రమీనైతే పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. అంటే మీ కోడ్‌లో అలర్ట్ ఏ అంకె దగ్గర మోగాలో చేపను బట్టి ఉంటుంది, గూగుల్‌ని బట్టి కాదు!

ఇది చేపల సంగతి కదా, మనకెందుకంటారా? విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ రొయ్యల చెరువుల్లో తేలుతూ ఆక్సిజన్, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు చేసింది. ఇలాంటి చోట్ల ఎలక్ట్రానిక్స్, డేటా తెలిసినవాళ్లకు పనుంటుంది. ఇంటర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా అడిగితే వనపర్తి జిల్లా పెబ్బేరు ఫిషరీస్ కాలేజీ గురించి చెప్పండి.

ఫైనలియర్‌లో ఇంకో ‘స్మార్ట్ అక్వేరియం’ దయచేసి వద్దు. రెండు డీఎస్18బీ20 సెన్సర్లు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి. ఒక సెన్సర్ నీటి పైపొరలో, రెండోది రెండు మీటర్ల లోతులో పెట్టి వారం రోజులు పదిహేను నిమిషాలకోసారి రికార్డు చేయండి. ఇది చవకే. కరిగిన ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌కు మాత్రం వేలల్లో అవుతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఉంటే అడగండి. ఇంటర్వ్యూలో మీ డాష్‌బోర్డు రంగులు ఎవరికీ పట్టవు. సెన్సర్‌కు నాచు పడితే ఏం చేశారు? నెట్ పోతే డేటా ఏమైంది? రాత్రి మూడింటికి అలర్ట్ వస్తే ఏరేటర్ వేసేదెవరు? వీటికి గట్టు మీద కూర్చున్నవాడే జవాబు చెప్పగలడు.

ముందు సంఘం పెద్దలను అడిగి ఒప్పించండి. వాళ్లు వల వేసే చోటు వదిలి సెన్సర్లను వెదురు బొంగుకు కట్టండి. నీళ్లలోకి ఒంటరిగా అస్సలు దిగొద్దు.