నవ్వించే నటికి వెనక వరుసేనా?

పద్యనాటకానికి వెళ్లే ప్రేక్షకుడు ముందుగా ఆరా తీసేది కాటిసీనులో హరిశ్చంద్రుడెవరు, రాయబారంలో కృష్ణుడెవరు అని. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులను దించే అలవాటులోనూ ఈ మోజే కనిపిస్తుంది. ఈ సందడిలో 'హరిశ్చంద్ర'లో కాలకౌశికుడి భార్య కలహకంఠిగానో, 'చింతామణి'లో తల్లి శ్రీహరిగానో, 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మగానో వచ్చి నవ్వించి వెళ్లే నటి పేరు గుర్తుపెట్టుకునేవారు తక్కువ. జనం కునుకు తీయకుండా చూడటమే ఆమె పని అనుకుంటాం. అది పొరపాటు. మంచి నాటకంలో ఆ పాత్ర కథను మోస్తుంది. దాన్ని పండించే నేర్పు నాయిక నేర్పుకు తీసిపోదు.

పూటకూళ్లమ్మనే తీసుకోండి. 1892లో తొలిసారి రంగస్థలమెక్కి, 1909లో గురజాడ కొత్తగా తీర్చిదిద్దిన 'కన్యాశుల్కం'లో ఆమె కనిపించేది కాసేపే. సంతలో సామాన్లు కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేశ్య మధురవాణికి ఖర్చుపెట్టిన సంగతి గిరీశం మొదట్లోనే చెప్పుకుంటాడు. ఆ మోసపోయిన మనిషే చీపురుకట్టతో మధురవాణి ఇంటికి వస్తుంది. మంచం కింద గిరీశం, రామప్పంతులు ఇద్దరు పెద్దమనుషులూ దాక్కుని ఉంటారు. గిరీశానికి పడవలసిన దెబ్బ రామప్పంతులికి పడుతుంది. హాలంతా గొల్లున నవ్వుతుంది. కానీ ఆ నవ్వు కింద ఉన్నది పది మందికీ వండి వడ్డించి బతికే ఒక వితంతువు కష్టార్జితం. వితంతువుల ఉద్ధరణ గురించి ఉపన్యాసాలు దంచే గిరీశం ఒక వితంతువు సొమ్ముతోనే షోకులు చేశాడన్న నిజాన్ని గురజాడ ఉపన్యాసంతో చెప్పించలేదు, చీపురుకట్టతో చెప్పించారు. ఆ నటి ఉత్త గయ్యాళితనం చూపించి ఊరుకుంటే ప్రహసనమే మిగులుతుంది. కోపంలో ఆ ఇరవై రూపాయల బాధ కూడా వినిపిస్తేనే గిరీశం అసలు రంగు బయటపడుతుంది.

ఇక నేర్పు సంగతి. పద్యం పాడే నటుడికి హార్మోనియం తోడుంటుంది, రాగం తోడుంటుంది, చివరికి 'వన్స్ మోర్' ఉంటుంది. హాస్యపాత్ర ధరించే నటికి ఉన్నదల్లా వచనం, చూపు, నడక, విరుపు. ప్రేక్షకులు నవ్వుతుండగానే తరువాతి మాట అందుకుంటే అది వినపడదు. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగితే సీను జారిపోతుంది. ఆ నడిమి క్షణాన్ని ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి జనాన్ని బట్టి అప్పటికప్పుడు పట్టుకోవాలి. పైగా తాను నవ్వకూడదు.

ఈ పాత్రలు ఆడవాళ్లను గయ్యాళులుగా, డబ్బుపిచ్చి ఉన్నవాళ్లుగా చూపించి నవ్విస్తాయి కదా, వాటిని నెత్తిన పెట్టుకోవడమెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 'చింతామణి'ని కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యామోహాన్ని ఖండిస్తూ రాశారు. కాలక్రమంలో ఎన్నో ప్రదర్శనల్లో పుస్తకంలో లేని బూతు చేరింది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక సామాజిక వర్గం ఫిర్యాదు చేయగా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. హాస్యపాత్రను విలువలేనిదిగా చూసినచోటే దానికి హద్దులూ ఉండవు. దర్శకుడు పట్టించుకోడు, నటి చప్పట్ల కోసం మాట జారుతుంది. గౌరవించి, రిహార్సల్ చేయించి, రచయిత మాటకు కట్టుబడితే ఆ నవ్వు మనిషిని కించపరచదు.

హాస్యం ఎక్కువైతే కరుణ పలచబడుతుందన్నది ఇంకో అభ్యంతరం. హరిశ్చంద్ర కథ దానికి జవాబు. కలహకంఠి నోటిదురుసుకు నవ్వుకుంటూనే ప్రేక్షకుడు ఆమె ఇంట్లో దాసిగా ఉన్న హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి దాస్యం ఎంత కఠినమో తెలుసుకుంటాడు. ఆ ఇంటి కాఠిన్యం నమ్మించినప్పుడే కాటిసీనులో కన్నీళ్లు వస్తాయి. కాబట్టి కలహకంఠి బాగా పండితే లాభపడేది చంద్రమతే.

స్థానం నరసింహారావు వంటి పురుషులు స్త్రీపాత్రల్లో వెలిగిన కాలాన్ని దాటి, 1885లో మొదలైన సురభి వంటి కుటుంబ సమాజాల స్త్రీల శ్రమతో మన రంగస్థలం మీద నటీమణులు నిలదొక్కుకున్నారు. వారిలో నవ్వించేవారిని వెనక వరుసలో ఉంచడం న్యాయం కాదు. నాటక సమాజాలు వాల్‌పోస్టరు మీద ఆమె పేరు కూడా వేయాలి. నాటకం అయ్యాక నాయికతో పాటు ఆమెనూ మైకులో పేరుపెట్టి పిలవాలి. ప్రేక్షకులు కూడా ఈసారి నాటకానికి వెళ్తే కలహకంఠి ఎవరని ముందే అడగాలి.